పనస పొట్టు, పనస కర్ర

కిందటి వేసవిలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల మా ఇంటి వీణ తొమ్మిది నెలల పాటు మూగబోయింది. పడమటి గదిలో, కిటికీ పక్కనున్న బల్ల మీద దాన్ని పడుకోబెట్టి, తలుపు కూడా సరిగా వేయకుండా నాలుగు రోజుల పెళ్ళికి ఊరు వెళ్ళాను. మే నెల విజయనగరం ఎండ మధ్యాహ్నం మూడు దాటాక ఆ కిటికీలోంచి నేరుగా బల్ల మీదికే వస్తుందని ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్న నాకు తెలియనిది కాదు. తిరిగి వచ్చి చూస్తే, స్వరాలు పలికించే అడ్డకడ్డీల్లో, అంటే మెట్లలో, నాలుగు పక్కకు ఒరిగి, రెండు మైనంలోకి దిగబడి ఉన్నాయి. వీణకు ఉండే 24 మెట్లూ దండి మీద రెండు గట్లుగా పోసిన మైనంలోనే కూర్చుంటాయి కాబట్టి, మైనం మెత్తబడిందంటే స్వరస్థానాలు చెదిరిపోయినట్టే. గాంధారం ఉండవలసిన చోట గాంధారానికీ మధ్యమానికీ మధ్య ఎటూ చెందని ఒక కూత వినిపించింది.

పనిచేయని వస్తువు ఇంట్లో ఉండగా దాన్ని చూడకుండా తప్పించుకు తిరగడం ఎంత సులువో ఆ తొమ్మిది నెలల్లో తెలిసింది. చివరికి ఫిబ్రవరి ఆఖరి ఆదివారం, మేళం మళ్ళీ కట్టించుకుని, అంటే కొత్త మైనంలో మెట్లు సరిచేయించుకుని, వద్దామని బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి బయలుదేరాను. ఆ ఒక్క రోజు ప్రయాణం నాకు ఇచ్చినవి చాలా చిన్న సంతోషాలే గాని, వాటన్నింటి వెనకా ఒకే చెట్టు ఉందన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వీణకు చుట్టబెట్టడానికి మా నాన్నగారి పొందూరు పంచె ఒకటి తీశాను. అంచు దగ్గర చిరిగి, కట్టుకోవడానికి పనికిరాకుండా పోయినా పారేయడానికి చేతులు రాని బట్ట అది. పొందూరులో కొండపత్తిని గింజ తీయక ముందే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చేప పళ్ళు దువ్వెన పళ్ళ కన్నా సన్నగా, దగ్గరగా ఉంటాయి గనుక దూదిలోని నలుసు అక్కడే ఆగిపోతుంది. తరువాత చిన్న విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, 24 ఆకుల చక్రం ఉన్న రాట్నం మీద ఒక్క కదురుతో వడుకుతారు. ఇంత చేస్తే వచ్చే బట్ట ఎన్ని ఉతుకులకైనా మెత్తబడుతుందే తప్ప నీరసించదు. ఈ పంచెకు అలంకారం అంటూ ఉన్నది ఒక్క సన్నని అంచే. చిన్నప్పుడు అది బీదతనం అనుకునేదాన్ని. ఆ అంచును ఇంకొక్క పోగు వెడల్పు చేసినా పంచె పాడయ్యేదని ఇప్పుడనిపిస్తుంది.

రాయగడ వైపు వెళ్ళే ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. వీణను ఒళ్ళో సగం, పక్క సీటు మీద సగం పెట్టుకుని కూర్చున్నాను. గజపతినగరంలో గంపతో ఎక్కిన ఒక పెద్దామె, పంచెలో చుట్టిన సొరబుర్రను వేలితో రెండుసార్లు తడిమి, "ఇదేటమ్మా, ఆనపకాయా? ఇంత పొడుగుది ఏ ఊర్లో కాసింది?" అని అడిగింది. పెట్టెలో అందరూ నవ్వారు గాని ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, ఎండిన ఆనపకాయతోనే కదా ఆ బుర్ర చేసేవారు. పంచె కొంచెం తొలగించి చూపిస్తే, తీగ మీద చెయ్యి వేయకుండా, వీణ కొసన చెక్కిన యాళి తలను మాత్రం పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరి ఊరుకుంది.

దారి పొడవునా వరి కోసిన మడుల్లో మినుము, పెసర పచ్చగా పాకి ఉన్నాయి. మామిడి తోటల పూత వాసన రైలు నెమ్మదించినప్పుడల్లా లోపలికి వచ్చేది, వేగం అందుకోగానే పోయేది. అందుకే ఈ మార్గంలో ప్యాసింజరు రైలే ఎక్కాలని నా పట్టుదల. డొంకినవలస దగ్గర రైలు కారణం చెప్పకుండా ఇరవై నిమిషాలు ఆగితే, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు, నువ్వుగుండ విప్పాను. గంపామెకు రెండు పెడితే, ఆమె తన గంపలోంచి గుప్పెడు రేగుపళ్ళు తీసి నా ఒళ్ళో పోసింది.

బొబ్బిలి అంటే తెలుగువాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది 1757 నాటి యుద్ధం. ఊరి పేరు చెప్పగానే తాండ్ర పాపారాయుడి మాట ఎత్తని వారు లేరు. ఆ కథ మీద నాకు గౌరవమే గాని, నాకు ఆ ఊరు ఉలి చప్పుడుతోనే పరిచయం. గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు బొబ్బిలి సంస్థానాధీశుల కాలం నుంచి వీణలు చేస్తున్నారు. కుండ, దండి, మెడ మూడింటినీ విడివిడిగా చేసి అతకకుండా, ఒకే పనసమానులోంచి తొలిచి తీయడం ఇక్కడి పని ప్రత్యేకత. దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేని కర్రలో నాదం ఎక్కడా తడబడకుండా సాగుతుందని పాడేవాళ్ళూ చేసేవాళ్ళూ చెబుతారు. వాదించే పాండిత్యం నాకు లేదు గాని, అతుకు వెతుకుతూ కుండ నుంచి మెడ దాకా వేలు నడిపి, ఎక్కడా తగలక వెనక్కి రావడంలో ఒక ఆనందం ఉందని మాత్రం చెప్పగలను.

నేను వెళ్ళిన ఇంటి పెద్దాయన వీణను చూడగానే నా వైపు కాకుండా మెట్ల వైపే చూస్తూ, "ఎండలో ఎట్టేసారేటమ్మా? మైనం ఊరుకుంటాదా?" అన్నాడు. చదువు చెప్పని పిల్లాణ్ణి బడికి తీసుకువచ్చిన తల్లిలా నిలబడ్డాను. "కూకోండి, ఇది గంటలో తేలే పని కాదు" అని పీట వేయించాడు.

పాత మైనం గీకి తీసి, కరిగించి, నల్లపొడి కలిపి, వెచ్చగా ఉండగానే దండి మీద రెండు వైపులా గట్లు పోశాడు. వాటి మీద అడ్డంగా ఒక్కొక్క మెట్టునూ ఆనించి, ఎడమ చేతి వేలితో తీగను అక్కడ నొక్కి, కుడి చేత్తో మీటి, విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి, మళ్ళీ వినేవాడు. కొలబద్ద ఎక్కడా కనిపించలేదు. మొదటి తీగ సారణి మీద సరిగా పలికిన మెట్టు పంచమం తీగ మీద కొంచెం ఎక్కువగా పలికితే, ఇంట్లో ఇద్దరు పిల్లల తగవు తీర్చినట్టు, దాన్ని ఓ పక్కకు కాస్త వాల్చి ఇద్దరికీ సరిపెట్టేవాడు. మధ్యమ స్థాయి ధైవతం దగ్గర ఒకే మెట్టుతో పావుగంట పైగా కుస్తీ పట్టాడు. నా చెవికి అది మొదటి అయిదు నిమిషాల్లోనే కుదిరిపోయింది. ఆయన చెవికి కుదరలేదు. ఆఖరికి కుదిరినప్పుడు తేడా నాకూ తెలిసింది, అంతకు ముందు సరిపోయిందనుకున్నందుకు లోపల సిగ్గుపడ్డాను.

మధ్యలో చుట్ట కాల్చుకోవడానికి లేచినప్పుడు పెరట్లో పేర్చిన పనస దుంగలు చూపించాడు. కొత్తగా కోసిన పనస కర్ర పసుపు ముద్దలా ఉంటుంది, గాలీ వెలుతురూ సోకిన కొద్దీ తేనెరంగుకు, ఆ పైన ఇటుకరంగుకు తిరుగుతుంది. తేలికైన కర్ర, చెద అంత సులువుగా పట్టదు. ఒక దుంగను వేలి కణుపుతో తట్టి, "ఇది ఇంకా పచ్చిదమ్మా" అన్నాడు; తడి గోడను తట్టినట్టు చప్పుడు వచ్చింది. పక్కదాన్ని తట్టితే చప్పుడు అక్కడితో ఆగక దుంగ రెండో కొస దాకా పరుగెత్తింది. ఆ రెండు చప్పుళ్ళూ నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి.

సాయంత్రం తిరుగు రైలుకు ఇంకా సమయం ఉండటంతో బజారులో ఆగాను. ఒక చెట్టు కింద ఒకావిడ లేత పనసకాయలు కుప్ప పోసుకుని, అడిగిన వారికి అక్కడికక్కడే పొట్టు కొట్టి ఇస్తోంది. పనస పొట్టు కొట్టడం చూడవలసిన విద్య. పైముళ్ళు చెక్కేసి, కాయను మొద్దు మీద నిలబెట్టి, చెక్కుకత్తితో అడ్డంగా నిలువుగా వాన కురిసినట్టు గాట్లు పెట్టి, పైపొర మాత్రం సన్నగా రాల్చి, మళ్ళీ గాట్లు మొదలుపెడుతుంది. కత్తి మొద్దును తాకే తాళం ఒక్కసారి కూడా తప్పలేదు. "ఇంటికెల్లాక చేతులకి నూనె రాసుకోండమ్మా, లేపోతే బంక వదల్దు" అని పొట్టును అరిటాకులో కట్టి ఇచ్చింది. ఆ పొట్లాన్ని వీణ పక్కనే పెట్టుకుని రైల్లో కూర్చున్నాక, పంచె లోపలిదీ అరిటాకు లోపలిదీ ఒకే జాతి అని స్ఫురించి, ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. పనస పొట్టు కూర విషయంలో మాత్రం వంటింటి అధికారం ఇప్పటికీ ఆమెదే. పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, చల్లార్చి, గట్టిగా పిండాలి. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిర్చి, అల్లం, పలాస జీడిపప్పు బద్దలు వేగాక, చిక్కటి చింతపండు రసం పోసి దగ్గరపడేదాకా ఉడకనిచ్చి, అప్పుడు పొట్టు కలపాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కూర దించి, ఆవిరి తగ్గాకనే ఆవ పెట్టాలన్నది ఆమె శాసనం. ఆవగింజ నలిగి నీటితో కలిసినప్పుడు పుట్టే ఘాటు వేడి తగిలితే నిలవదు, చేదు మాత్రం మిగిలిపోతుంది. అందుకని ఎండుమిరపకాయ, ఉప్పు వేసి నూరిన ఆవముద్దను, పచ్చి నువ్వులనూనెతో పాటు, గోరువెచ్చటి కూరలో చేత్తోనే కలుపుతారామె. గరిటె పెడితే పొట్టు ముద్దవుతుందట. పొద్దున కలిపిన కూరను రాత్రికి గాని వడ్డించనివ్వరు. "ఊరనీవే, ఎక్కడికీ పారిపోదు" అంటారు. రాత్రి మొదటి ముద్దకే ఘాటు ముక్కు మీదుగా నడినెత్తికి ఎక్కి, మావారి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఆయన అలా కళ్ళు తుడుచుకుంటేనే కూర కుదిరిందని అత్తగారి లెక్క.

ఆ రాత్రి భోజనాలయ్యాక వీణ ముందు కూర్చున్నాను. పదకొండో ఏట సంగీత కళాశాల సాయంత్రపు తరగతిలో మొదలుపెట్టి, పెళ్ళితో ఆపేసిన విద్య నాది. 1919లో ఆస్థానంలోని ఒకరి చూపులేని కొడుకు సంగీతం నేర్చుకోవడం కోసం విజయనగరం రాజా విజయరామ గజపతి ఆ కళాశాల పెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు నేర్పేవారు, ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. వరండాలో మా మాస్టారు ఈ పేర్లన్నీ వల్లెవేయించేవారు గాని, నాకు ఎక్కువగా గుర్తున్నది వేరు. పక్క గదిలో మృదంగం, ఎదుటి గదిలో గాత్రం, మా గదిలో వీణలు అన్నీ ఒకేసారి మొదలై, ఏది ఏదో తెలియకుండా కలిసిపోయి, వరండా చివర నిలబడితే ఎవరూ కట్టని ఒక కొత్త పాటలా వినిపించేది. ఆ మృదంగం కట్టె కూడా పనసదేనని ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాను.

మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టాను. వేళ్ళ మీది కాయలు ఎప్పుడో కరిగిపోయాయి కాబట్టి పది నిమిషాలకే తీగ కోయడం మొదలైంది. గోళ్ళ సందుల్లో పనస బంక ఇంకా పూర్తిగా వదలలేదేమో, ఎడమ చేతి వేలు మెట్టు నుంచి మెట్టుకు జారవలసిన చోట ఒక్క క్షణం అతుక్కుని వదిలేది. ధైవతం మాత్రం, పెద్దాయన పావుగంట కుస్తీ పట్టిన ఆ ధైవతం, నా చేతి తప్పును కూడా కాస్త సర్ది చెప్పినట్టు తిన్నగా పలికింది. అత్తగారు మంచం మీది నుంచే, "ఆ రెండోది మళ్ళీ వాయించు" అన్నారు. ఏది రెండోదో అడిగితే చెప్పలేకపోయారు గాని, ఊహించి మళ్ళీ వాయించాను.

ఇప్పుడు వీణను తూర్పు గదిలోకి మార్చాం. ఇంట్లో చల్లగా ఉండే గది అదొక్కటే. చిక్కల్లా ఏమిటంటే, మే నెలలో ఉద్దానం నుంచి మావారి స్నేహితుడు ఏటా పంపే పనసపండును మాగేసేది కూడా ఆ గదిలోనే. పండిన పనస వాసన వీణ కర్రకు పట్టేస్తుందని నా భయం. అది దాని సొంత చుట్టమే కదా, వచ్చి నాలుగు రోజులు ఉంటే తప్పేమిటని ఆయన వాదన. వీణ పీటకూ పండు గోనెకూ మధ్య రెండు అడుగుల దూరం ఉండాలన్న షరతు మీద ప్రస్తుతానికి ఒప్పుకున్నాను.