కడప ఎండలో ఈ-రీడర్

మే నెలలో కడపలో మధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లో కూర్చోలేం. వరండాలోకొచ్చి ఈ-రీడర్, అదే పుస్తకాలు చదువుకునే పలక, తెరిస్తే ఎండకు ఫోన్‌లా వెలవెలబోదు, వెలుతురు పెరిగేకొద్దీ అక్షరం ఇంకా బాగా కనిపిస్తుంది. దాని తెర లోపల సన్నటి గుళికల్లో నలుపు, తెలుపు రేణువులుంటాయి. నల్లవి పైకొచ్చిన చోట అక్షరం, తెల్లవి వచ్చిన చోట కాగితం. పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి, నిలిచిన పేజీకి అక్కర్లేదు. అందుకే ఛార్జింగ్ టెన్షన్ లేదు.

తిప్పలన్నీ తెలుగు దగ్గరే. పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు ఆరంగుళాల తెర మీద చీమల బారులు. అక్షరం పెంచుదామంటే అది బొమ్మ. జూమ్ చేస్తే సగం వాక్యం పక్కకు పోతుంది. అడ్డంగా తిప్పితే కొంత నయం. బొమ్మగా కాక యూనికోడ్ అక్షరాల్లో టైపు చేసిన ఈపబ్, అంటే అక్షరం పెంచితే వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకునే ఈ-పుస్తకం, దొరికిందా, పండగే!

మా నాయన మాత్రం ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయం మనిషి. "ఇంకెన్ని పేజీలున్నాయో చేతికి తెలియాల కదప్పా" అంటాడు. శాతం చూపిస్తుంది నాయనా అంటే నవ్వుతాడు. నిజమే, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మొన్న కళ్లద్దాలు విరిగినప్పుడు మాత్రం, అక్షరం పెద్దది చేసియ్యమని రీడర్ ఆయనే అడిగి తీసుకున్నాడు. ఇంకా తిరిగివ్వలేదు.