కోయకుండా వెతికే ఆట

పోయిన ఆదివారం ఉదయం ఆరు గంటలకు మా కాలనీ వాళ్లం 34 మందిమి కడప శివారులోని ఒక చెరువు కట్ట మీద కలుసుకున్నాము. అందులో 19 మంది పిల్లలు. పాలకొండలు ఇంకా మసకగానే ఉన్నాయి. ముందురోజు పడిన వానకు నేల మెత్తబడి, తంగేడు పొదల మొదళ్లలో మట్టి వాసన నిలిచి ఉంది. మేము వెళ్లింది వనభోజనానికి కాదు, ఆటకు. ఒక జాబితా చేతికిచ్చి, అందులో ఉన్నవాటిని గడువులోగా వెతకమనే ఈ ఆటను స్కావెంజర్ హంట్ అంటారు. మా పిల్లలు దానికి ‘వెతుకులాట’ అని పేరు పెట్టుకున్నారు, మాకు ఆ పేరే అలవాటైంది.

ఇది మాకు రెండోసారి. నిరుడు వినాయక చవితి సెలవుల్లో మొదటిసారి ఆడించినప్పుడు జాబితా రాసింది నేనే. పువ్వు, ఈక, కాయ, గూడు, ఇలా పది రకాలు తెచ్చి చూపాలని రాశాను. గంట కూడా కాకముందే ఒక బాబు గిజిగాడి గూడును తెంపుకొని, గెలిచానన్న సంతోషంతో పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టాడు. లోపల ఏదో వెచ్చగా కదిలింది. ఇంకా ఈకలైనా రాని రెండు పిల్లలు. గూడును మళ్లీ అదే ఈత మట్టకు దారంతో కట్టి, చీకటి పడేదాకా దూరంగా కూర్చున్నాము గానీ, తల్లి పక్షి ఆ గూటి దగ్గరికి రాలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను, గుడ్లను పాడుచేయడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుందని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. అయితే ఆ బాబుకు చట్టం చెప్పి లాభం లేదు. తెమ్మని రాసింది నేను, వాడు తెచ్చాడు.

అందుకే ఈసారి నియమం మార్చాము. చూడాలి, బొమ్మ గీయాలి, రెండు వాక్యాలు రాయాలి, ఉన్నదాన్ని ఉన్నచోటే వదిలి రావాలి. చేతిలోకి తీసుకోవలసింది చెత్తను మాత్రమే. అనుమతి లేకుండా అడవిలోకి అడుగు పెట్టకూడదు గనుక చెరువు కట్ట, దాని పక్కనున్న బీడు, ఇంత వరకే హద్దు. జాబితాను పొడుపు కథల్లాగా రాశాము. నేల మీద నడిచే పట్టు బొట్టు, పాలు కారే ఆకు మీద చారల పురుగు, మనిషి నాటని వేప, రాత్రి వచ్చి సంతకం చేసిపోయినది, రాయిలా ఉండి రాయి కానిది, చెరువు అరిగించుకోలేనిది. ఏడు జట్లు, జట్టుకొక పెద్ద, రెండు గంటల గడువు.

పట్టు బొట్టు అందరికంటే ముందు దొరికింది. ఆరుద్ర కార్తె కదా, వాన పడిన మరునాడు ఎర్ర మట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతూనే ఉంటాయి. మా చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్లం, అందుకని ఇప్పటి పిల్లలను పట్టుకోవద్దనడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ పట్టుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని చూసిన పాప నేను ఇన్నేళ్లలో చూడనిది చూసింది. దానికి ఎనిమిది కాళ్లు ఉన్నాయని రెండుసార్లు లెక్కపెట్టి చెప్పింది. నిజమే, అది సాలీడుకు చుట్టం. చారల పురుగు జిల్లేడు ఆకు మీద ఉంది, తినేది కూడా ఆ ఆకునే. జిల్లేడులోని విషం ఒంటికి పట్టడం వల్ల పక్షులు దాని జోలికి రావని చెప్పగానే పిల్లలు తామే రెండడుగులు వెనక్కి వేశారు.

రాత్రి వచ్చిపోయినవాటి సంతకం కోసం ముందురోజు సాయంత్రం వాన వెలిశాక ఇద్దరు పెద్ద పిల్లలు ఇంటి దగ్గర జల్లించిన మెత్తని మట్టిని పది అడుగుల పొడవున పరిచి, చీపురుతో చదును చేసి వచ్చారు. ఈ ఉపాయం మాది కాదు, మన జిల్లాలోనే కలివి కోడి కోసం పరిశోధకులు వాడినది. జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త కనుగొన్న ఈ పక్షిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900లో అనంతపురం వైపు కనిపించిన తరువాత మళ్లీ ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది సిద్ధవటం, బద్వేలు ప్రాంతపు లంకమల చిట్టడవిలో మళ్లీ దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి కావడంతో దాన్ని నేరుగా చూడటం దాదాపు అసాధ్యం, అందుకే పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగుజాడల కోసం వెతికేవారు. దాని కాలికి వెనక వేలు ఉండదు, ముందు మూడు వేళ్లే. ఈ మాట విన్న తరువాత మా పిల్లలు ప్రతి పిట్ట అడుగునూ వెనక వేలు ఉందా లేదా అని వంగి వంగి పరీక్షించారు. ఉంది, అన్నింటికీ ఉంది. కుక్క అడుగులు, కౌజు పిట్ట అడుగులు, రెండు వైపులా కుట్టుపని చేసినట్లు చుక్కలతో సాగిన పేడపురుగు దారి కనిపించాయి. కలివి కోడి దొరకలేదని ఎవరూ దిగులు పడలేదు. అది మన జిల్లాలోనే ఎక్కడో ఇంకా నడుస్తూ ఉండవచ్చునన్న ఊహే వాళ్లకు పండుగలా ఉంది.

మనిషి నాటని వేప దొరికిన చోటు నన్ను చాలాసేపు నిలబెట్టింది. అది కంప చెట్టు నీడలో మొలిచింది. సర్కారు కంప మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870లలో మన దేశంలో దాన్ని మొదట నాటిన చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి. బీళ్లను, చెరువు గర్భాలను అది ఎంతగా ఆక్రమించిందో ఇక్కడి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. దాన్ని వేర్లతో సహా తీసేయాలనేవారితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయినా ఆ ముళ్ల కొమ్మల మీద వాలి వేపపండు తిన్న పక్షి కిందికి జారవిడిచిన గింజ, మేక నోరు చేరలేని ఆ ముళ్ల చాటునే జానెడు మొక్కయి నిలబడింది. కొట్టేసేముందు చెట్టు కింద ఒకసారి వంగి చూడాలని ఆ జట్టు పిల్లలు తమ కాగితంలో రాశారు.

రాయిలా ఉండి రాయి కానిది అని రాసినప్పుడు నా మనసులో ఉన్నది మట్టిరంగు మిడత. నలుగురు పిల్లల జట్టు ఒకటి దానికోసం బీడు చివరన గులకరాళ్ల వైపు వెళ్తుండగా తలమీద తీతువు తిరుగుతూ గోల గోలగా అరవడం మొదలుపెట్టింది. అవతల గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన చేయెత్తి ఆపారు.

“అమ్మా, పిలకాయలను ఆ పక్క పోనీయొద్దండి. అది అట్లా అరస్తా ఉండాదంటే ఆడనే గుడ్లు పెట్టుండాదని.”

తీతువు కూత అపశకునమని మా ఇళ్లలో విని పెరిగాము. ఆయనకు మాత్రం ఆ కూత ఒక కబురు. ఆయన చూపించిన చోటికి బైనాక్యులర్ తిప్పి ఎంతసేపు చూసినా నాకు రాళ్లే కనిపించాయి, పిల్లలకు కూడా అంతే. పక్షి దిగి కూర్చోబోయే క్షణంలో మాత్రం, మట్టిరంగు మీద నల్లని మచ్చలతో, కొనలు లోపలికి తిప్పి పేర్చినట్లున్న నాలుగు గుడ్లు రాళ్ల నుంచి విడివడి కనిపించాయి. గూడు లేదు, ఒక పుల్లయినా లేదు, ఉత్త నేల. కాసేపటికి జంటలోని రెండో పక్షి చెరువు అంచున నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి, మొదటిది లేవగానే తాను గుడ్ల మీద కూర్చుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా తీతువులు ఇలా చేస్తాయని నేను చదివి ఉన్నాను. పెద్దాయన ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. నిరుడు గూడు తెంపిన బాబు కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. బైనాక్యులర్ తన వంతు వచ్చినప్పుడు వాడు చాలాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా పక్కవాడికి ఇచ్చాడు.

ఆ వైపంతా మూసేశాము. అక్కడ వెతకవలసినవి ఇంకా రెండున్నా అందరికీ వాటిని కొట్టివేశాము.

చెరువు అరిగించుకోలేనివి మూడు గోనె సంచులు నిండాయి. గుట్కా పొట్లాలు, సీసాలు సరే, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు కూడా పుష్కలంగా దొరికాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన సరుకు ఇది. ఇంకా ఎక్కడి నుంచి వస్తోందని ఒక పాప అడిగితే, మా కాలనీ విందుల్లో పోయిన నెలలో ఏ గ్లాసులు వాడామో గుర్తు చేసుకోవలసి వచ్చింది. ఒక నైలాను వల ముక్కలో చిక్కి ఎండిపోయిన నీరుకట్టు పాము ఉంది. పిల్లలు చూడకుండా దాచుదామని ఒకరు అన్నారు గానీ, చూడనివ్వడమే మంచిదని నేను పట్టుబట్టాను. వాళ్లే వలను కత్తెరతో కోసి పామును వేరుచేసి, కట్ట కింద గుంట తీసి పూడ్చారు.

బహుమతులుగా ఏడు జట్లకూ ఒక్కో కానుగ మొక్క ఇచ్చాము. నీళ్లు పోసే బాధ్యత పంచుకున్నాకే మొక్క ఇచ్చాము కాబట్టి నాటిన ఫొటోతో పని అయిపోలేదు.

ఈ ఉదయం నేను ఒక్కదాన్నే వెళ్లి కట్ట మీది నుంచే చూసి వచ్చాను. పక్షి అక్కడే కూర్చుని ఉంది. పెద్దాయన గొర్రెలను బీడు గుండా కాక అవతలి గట్టు మీదుగా, అర మైలు చుట్టు తిప్పుకొని తోలుకొని వెళ్తున్నారు.