ధర్మరాజు గుడి, ద్రౌపది పండగ

మహాభారతంలో పదిహేడోదైన మహాప్రస్థానిక పర్వం చాలా చిన్నది. పరీక్షిత్తుకి రాజ్యం అప్పగించి, నారబట్టలు కట్టుకుని అయిదుగురు అన్నదమ్ములూ ద్రౌపదీ ఉత్తరానికి నడిచిపోతారు. వెంట ఒక కుక్క. హిమవంతం దాటాక మొట్టమొదట పడిపోయింది ద్రౌపదే. ఈమె ఏ అధర్మమూ చెయ్యలేదే, ఎందుకు పడిపోయిందని భీముడు అడిగాడు. ధర్మరాజు జవాబు ఇది:

పక్షపాతో మహానస్యా విశేషేణ ధనంజయే ।
తస్యైతత్ ఫలమద్యైషా భుంక్తే పురుషసత్తమ ॥

అర్జునుడంటే ఆమెకి మక్కువ ఎక్కువ, దాని ఫలం ఇవాళ అనుభవిస్తోంది అన్నాడు. అని, ఆమెవైపు చూడనైనా చూడకుండా ముందుకి సాగిపోయాడని రాశాడు వ్యాసుడు.

నిండుసభలోకి జుట్టుపట్టి ఈడ్పించుకున్న మనిషి ఆవిడ. పన్నెండేళ్ళు అడవులు పట్టి తిరిగింది, ఏడాదిపాటు విరాటుడి కొలువులో సైరంధ్రిగా చాకిరీ చేసింది. యుద్ధం గెలిచిన రాత్రే అయిదుగురు కొడుకుల్నీ పోగొట్టుకుంది. అన్నిటా వెంట నడిచిన భార్య కింద పడితే ఒక్కరూ ఆగలేదు. అది వైరాగ్యం, మహాప్రస్థానంలో వెనక్కి చూడకూడదు అని పెద్దలు చెప్తారు. వాళ్ళు చెప్పేది అర్థమవుతుంది. మనసు మాత్రం ఒప్పుకోదు.

బెంగళూరు పాతపేటలోని తిగళులనే కులంవాళ్ళ మనసూ ఒప్పలేదనుకుంటాను. వాళ్ళ కథ సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. పాండవులు వెళ్ళిపోయారు, ద్రౌపది స్పృహతప్పి పడి ఉంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తిమిరాసురుడు. పిలిస్తే పలికే మొగుడు దరిదాపుల్లో లేడు. అప్పుడామె ఆదిశక్తి రూపం ధరించింది. తన ఒంట్లోంచే వీరకుమారుల్ని పుట్టించి, వాళ్ళని వెంటబెట్టుకుని రాక్షసుణ్ణి చంపింది. పని అయ్యాక ఆమె బయల్దేరబోతే, మమ్మల్ని వదిలి వెళ్ళకమ్మా అని వాళ్ళు కాళ్ళమీద పడ్డారు. ఏడాదికోసారి వస్తానని మాటిచ్చింది. ఉగాది వెళ్ళాక వచ్చే చైత్ర పౌర్ణమికి ఆ మాట ప్రకారం వస్తుంది. ఆ పండగే కరగ. ఆరోజు నెత్తిన మోసే కుండనీ కరగ అనే అంటారు.

తిగళులు తరతరాలుగా తోటలు వేసుకుని, పూలూ కూరగాయలూ పండించి బతికినవాళ్ళు. తమని వహ్నికుల క్షత్రియులమని చెప్పుకుంటారు. అగ్నిలోంచి పుట్టిన యాజ్ఞసేని వాళ్ళకి కులదేవత. పాతపేటలో వాళ్ళ గుడికి ధర్మరాయస్వామి గుడి అని పేరు. పేరు ధర్మరాజుది, పండగ ద్రౌపదిది! ఆరోజు ఆగి చూడని ఆయన ఏటా తన గుడి వాకిట్లోంచే ఆమెని సాగనంపాలి. ఇలా ఎవరైనా కావాలని పెట్టారో, అలా కుదిరిపోయిందో గానీ నాకు భలే నచ్చుతుంది.

పండగ తొమ్మిది రోజులకి పైనే సాగుతుంది. ధ్వజారోహణం, దీపాలతో ఆడవాళ్ళ ఆరతులు, అన్నీ ఉంటాయి. వాటిలో తప్పక చెప్పుకోవలసింది హసికరగ. పౌర్ణమికి ముందు సంపంగి చెరువు దగ్గర పూజలు చేసి, కాల్చని పచ్చిమట్టి కుండని అక్కణ్ణుంచి గుడికి తెస్తారు. చెరువంటే ఇప్పుడు చెరువేమీ లేదు, కంఠీరవ స్టేడియం ఉంది. దాని పక్కన పెద్ద కోనేరంత నీళ్ళు మాత్రం మిగిలాయి. ఊళ్ళో ఎన్నో చెరువులు పూర్తిగా మాయమయ్యాయి. ఈ కాసిని నీళ్ళు నిలిచింది అమ్మవారి పుణ్యమే.

పౌర్ణమినాటి అర్ధరాత్రి దాటాక గుడి తలుపుల్లోంచి కరగ బయటికి వస్తుంది. మోసేది మగ పూజారే, వేషం మాత్రం ఆడవేషం. పసుపురంగు చీర, చేతులనిండా గాజులు, కాటుక, నొసట కుంకుమ, జడ. నెత్తిమీద కుండ కనపడదు. దానిచుట్టూ గోపురంలా పేర్చిన మల్లెమొగ్గలే కనిపిస్తాయి. కుండలో ఏముందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఒకచేతిలో కత్తి, ఇంకోచేతిలో మంత్రదండం. అంటే కరగ జారిపోతున్నా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే పరుగులాంటి నడక, మధ్యలో చిందు. చుట్టూ తెల్లపంచె, తలపాగాలతో వీరకుమారులు, చేతుల్లో దూసిన కత్తులు. ఆ కత్తుల్ని వాళ్ళు తమ బోరవిరిచిన ఛాతీల మీదే కొట్టుకుంటారు. దాన్ని అలగుసేవ అంటారు. కరగ జారి కిందపడితే మోసేవాడి ప్రాణం వాళ్ళ కత్తుల చేతిలోనే ఉంటుందని వాడుక.

సభలో ఆమెని ముట్టుకోబోతే ఆపినవాడు ఒక్కడు లేడు, మహావీరులైన మొగుళ్ళు అయిదుగురూ తలలు దించుకున్నారు. ఇక్కడ ఆమె చుట్టూ వందల కత్తులు కాపలా. మోసేవాడు సైతం కరగని చేత్తో తాకడు. భారతంలో ఆమెకి దక్కనిది ఈ పేట జనం ఒక్క రాత్రయినా దక్కిస్తున్నారు.

ఇంకొకటి. కరగ గడప దాటగానే జనమంతా ఒక్కసారిగా ‘గోవిందా గోవిందా’ అని కేకలు పెడతారు, మల్లెమొగ్గలు విసురుతారు. తిరుపతి కొండ మీద వినీవినీ అలవాటైన నామమే కాబట్టి మన తెలుగువాళ్ళకి కొత్తగా అనిపించదు. కానీ కురుసభలో ఆమె పిలిచిన పేరు కూడా అదే. ‘గోవింద పుండరీకాక్ష రక్ష మాం శరణాగతాం’ అని ఆనాడు ఒంటరిగా పిలిచింది. ఇప్పుడు పేటంతా ఆమెని చూసి ఆ పేరే పిలుస్తోంది, కాపాడమని.

పొద్దున్నే ‘అహల్యా ద్రౌపదీ సీతా’ అని పంచకన్యల్ని తలుచుకునే ఇళ్ళల్లో కూడా ద్రౌపదికి గుడేమిటి అని ఆశ్చర్యపోయేవాళ్ళని చూశాను. కోస్తావైపు వాళ్ళు మరీను. మా చిత్తూరువాళ్ళకి ఆ అనుమానం రాదు. మదనపల్లె, కుప్పం నుంచి వచ్చి ఇక్కడ బెంగళూరులో స్థిరపడ్డ ఎవర్నడిగినా వాళ్ళవైపు ‘భారతం’ అనే పండగ గురించి చెప్తారు. అక్కడా ధర్మరాజుల గుళ్ళే, ద్రౌపదమ్మే. పగలు హరికథ, రాత్రి నాటకం. తపస్సు రోజున అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ ఎత్తయిన మాను ఎక్కుతాడు, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో వరపడతారు, అంటే వరం కోరుతూ నేలమీద సాగిలపడతారు. చివరికి నేలమీద పెద్ద మట్టి దుర్యోధనుడు. భీముడు తొడ విరగ్గొట్టాక ద్రౌపది వచ్చి విరబోసుకున్న జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. మావైపు ఆమె పగ తీర్చుకుని జుట్టు ముడేస్తుంది, బెంగళూరులో పగలన్నీ తీరిపోయాక కేవలం పిల్లల కోసం తిరిగొస్తుంది. రెండూ ఆవిడే. కానీ వయసు మీదపడుతున్నకొద్దీ నాకు రెండోదే దగ్గరవుతోంది.

కరగ మోసే ఆయన నిష్ఠ గురించి అందరూ చెప్తారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, ఒంటిపూట భోజనం, సాధన. ఆయన భార్య గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఆమె తన తాళి, గాజులు తీసిస్తుందనీ, అవే ఆయన ధరిస్తాడనీ, పండగ అయ్యేదాకా ఆయన ముఖం చూడదనీ అంటారు. ఊరంతా అమ్మవారిని చూడటానికి పోయిన రాత్రి ఆ ఇల్లాలు ఇంట్లో ఉంటుంది. ఫొటోలన్నీ ఆయనవే. ఆ తాళి లేకుండా ఆ వేషం పూర్తవదు కదా అని నా గొణుగుడు. మా ఇంట్లో దీనిమీద ఏటా వాదనే.

గుడినుంచి బయల్దేరిన కరగ పేటంతా చుడుతుంది. దారిలో ప్రతి గుమ్మం ముందూ ముగ్గు, హారతిపళ్ళెం. దారిలోని గుళ్ళతోపాటు కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గరా ఆగుతుంది. ఇది ఎప్పటినుంచో ఉన్న ఆచారం, కొత్తగా ఎవరో చేర్చింది కాదు. 2022లో అటు వెళ్ళొద్దని కొందరు పట్టుబట్టారు. టీవీల్లో చర్చలు, పేటలో టెన్షన్, పోలీసులు. గుడివాళ్ళు ఆచారం మార్చేది లేదన్నారు. పౌర్ణమి రాత్రి కరగ ఎప్పటిలాగే కాటన్‌పేట వెళ్ళి, దర్గా దగ్గర ఆగి, మళ్ళీ గుడికి చేరింది.