టోను తాళం కాదు

నెల్లూరు నుంచి చెన్నై వచ్చి రిచీ స్ట్రీట్‌లో వాకీటాకీలు బాగుచేసే పనిలో కుదిరిన కొత్తలో, టోను (మాటతో పాటు సెట్టు పంపే గుర్తింపు నాదం) పెడితే ఛానల్‌కు తాళం వేసినట్టేనని నేనూ నమ్మాను. ఆ భ్రమ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లోని ఒక నిర్మాణ స్థలంలో వదిలింది.

అక్కడ టవర్ క్రేన్ ఆపరేటరూ, కింద బరువులు కట్టే రిగ్గర్లూ శ్రీకాకుళం వాళ్ళు. పక్క సైటు వాళ్ళ తమిళం తమ సెట్లలో మోగుతోందని చెబితే, ఆరు సెట్లకూ సీటీసీఎస్ఎస్ అనే రకం టోను, 88.5 హెర్ట్జ్‌ది, పెట్టి వచ్చాను. గోల ఆగింది. వారం తిరగకముందే ఆపరేటరు ఫోను చేశాడు: "తమ్ముడూ, కింద నుంచి ఆపు ఆపు అని అరిచారట, నాకు ముక్క కూడా వినపడలేదు."

టోను పక్కవాడి మాటను ఆపదు, మన స్పీకరును మూసి ఉంచుతుంది, అంతే. మాట వెనకే సాగే ఆ మంద్ర నాదాన్ని గుర్తుపట్టినప్పుడే సెట్టు నోరు తెరుస్తుంది. ఫ్రీక్వెన్సీ ఒకటే అయినప్పుడు, పక్కవాడు మాట్లాడుతున్నంతసేపూ ఛానల్ నిండి ఉన్నా మనకు ఖాళీగానే తోస్తుంది. సరిగ్గా అప్పుడే మన రిగ్గరు మీట నొక్కితే, ఆపరేటరు సెట్టుకు ఏ సిగ్నల్ బలంగా అందితే దానిదే పైచేయి. టోనుకు బదులు అంకెల సంకేతం పంపే డీసీఎస్ కోడ్ పెట్టినా కథ ఇదే.

లైసెన్సు అక్కర్లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున 16 ఛానళ్ళు ఉండగా, రెండు సైట్ల వాళ్ళూ మొదటి ఛానల్ మీదే కూర్చున్నారు. మర్నాడు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకరును మూసి ఉంచే అమరిక) తెరిచి గంటసేపు విని, ఖాళీగా ఉన్న పదకొండో ఛానల్‌ను, అంటే 446.13125ను, ఎంచుకున్నాను. కంప్యూటరుకు కేబుల్ తగిలించి ముందు సెట్టులో ఉన్నదంతా చదివి దాచుకున్నాను. ఈ పని చేయకుండా కొత్తది రాసేవాణ్ణి నేను మెకానిక్కుగా లెక్కించను. పంపే టోను ఉంచి, వినే టోను మాత్రం తీసేశాను, ఎవరైనా ఆ ఛానల్‌లోకి వస్తే వెంటనే తెలియాలి కదా. స్కాన్ కూడా ఆపేశాను: సెట్టు వేరే ఛానల్ వెతుకుతున్న క్షణంలోనే "ఆపు" అనే మాట జారిపోవచ్చు. మీట ఇరుక్కుపోయినా ఛానల్ బిగుసుకుపోకుండా ప్రసారానికి 60 సెకన్ల గడువు పెట్టాను.

చేతి తొడుగులతో ఛానల్ మార్చే నాబ్ ఇట్టే తిరిగిపోతుందని, దాని 16 స్థానాల్లోనూ ఆ ఒక్క ఛానల్‌నే రాశాను.