మధ్య సున్నాలో మనం

"ఇండియాని ఎక్కడ పెడతావో చెప్పు బాబాయ్" అంటూ మా అన్నయ్య కూతురు నోట్సు నా ముందు పడేసింది. ఎంఏ ఇంగ్లీషు. రేపు పరీక్ష.

పేజీ నిండా ఒకదానిలో ఒకటి మూడు సున్నాలు, ఇంగ్లీషు వాడే దేశాల్ని సర్దడానికి. లోపలి దాంట్లో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా. బయటి దాంట్లో దాన్ని పరాయి భాషగా నేర్చుకునే చైనా, జపాన్. మధ్యది ఖాళీ. ఇంగ్లీషు రెండో భాషైన మనం అక్కడట, నైజీరియా, సింగపూర్‌లతో కలిపి! 1985లో ఈ లెక్క చెప్పింది శ్రీనగర్‌లో పుట్టిన భాషాశాస్త్రవేత్త బ్రజ్ కచ్రు. ఇంగ్లీషు ఒక్కటే కాదు, చాలా ఇంగ్లీషులున్నాయంటాడాయన. మనది పాడైపోయిన కాపీ కాదు, దాని పద్ధతులు దానివి అని.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి మా బ్రాడీపేటలో ఎదురింటి బుడ్డోడి సంగతేంటి? వాళ్ళమ్మతో కూడా ఇంగ్లీషే. పెరుగన్నంలో ఆవకాయ వద్దని ఏడ్చేదీ ఇంగ్లీషులోనే. వాడు లోపలి సున్నానా, మధ్యదా? దేశాలవారీగా గీతలు గీస్తే ఇలాంటివాళ్ళు ఎటూ కాకుండా పోతారు.

"కచ్రుని తప్పుపట్టినవాళ్ళూ ఇదే అన్నారు, ఆగు రాసుకుంటా" అని పెన్ను తీసింది.

వీధి చివర స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు మీద మాత్రం ఇంకా 'అమెరికన్ యాస గ్యారంటీ' అనే ఉంది. ఫీజు కూడా డాలర్లలోనేమో, కనుక్కోవాలి.