ట్రెబుల్ బాగుందో లేదో తేల్చుకోవడం: ఇంట్లో కట్టిన ఫుల్‌రేంజ్ స్పీకర్లతో నా అనుభవం

పెట్టెలు కట్టడం తొందరగానే అయిపోయింది. వాటిలోంచి వచ్చే ట్రెబుల్ (పైస్థాయి సన్నటి శబ్దాలు) బాగుందో లేదో తేల్చుకోవడానికే నెలలు పట్టింది. ఫుల్‌రేంజ్ స్పీకర్ (లావు శబ్దాల నుంచి సన్నటి శబ్దాల దాకా అన్నిటినీ ఒకే డ్రైవర్, అంటే ఒకే మోగే కోను, పలికేది) గురించి ఎవరిని అడిగినా "బేస్ తక్కువ" అంటారు. బేస్ తక్కువైతే ఎవరి చెవికైనా తెలిసిపోతుంది, కావాలంటే సబ్‌వూఫర్ తగిలించుకోవచ్చు. ట్రెబుల్‌లో ఉన్న తేడా అంత తొందరగా బయటపడదు. మొదటి రోజు "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉంది!" అనిపించిన స్పీకరే కొన్నాళ్లు పోయాక తలనొప్పి తెప్పిస్తుంది. అందుకే ఈ ఒక్క విషయం మీద ఇంత ఓపిక పెట్టాను.

నావి 5 అంగుళాల కాగితం కోను డ్రైవర్లు, 8 ఓమ్స్. కోను మధ్యలో విజ్జర్ అనే చిన్న కోను ఇంకొకటి ఉంటుంది. పైస్థాయి శబ్దాలను ఎక్కువగా అదే పలుకుతుంది. సన్నటి శబ్దాలకు విడిగా ట్వీటర్ లేదు, శబ్దాలను పంచే క్రాసోవర్ లేదు. పెట్టె 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ముందు పలక వెడల్పు 20 సెంటీమీటర్లు. డ్రైవర్ కూర్చునే రంధ్రానికి వెనక అంచును వడ్రంగి చేత ఏటవాలుగా చెక్కించాను, లేకపోతే కోను వెనక గాలి సరిగా ఆడదు. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది. పెట్టె గురించి ఇంతకంటే చెప్పాల్సిందేం లేదు.

డ్రైవర్‌తో వచ్చిన కాగితం మీద "20 కిలోహెర్ట్జ్ వరకు" అని ఉంది. ఎన్ని డెసిబెల్స్ హెచ్చుతగ్గులతో కొలిచారు, ఎదురుగా కొలిచారా పక్కనుంచి కొలిచారా అనేది లేకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. కోణం ఎందుకంటే, గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 10 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లే. నా కోనులో కదిలే భాగం అడ్డంగా 10 సెంటీమీటర్లు. తరంగం పొడవు కోను వెడల్పుకు సమానమయ్యేది 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర. అది దాటిన కొద్దీ పెద్ద కోను శబ్దం గదంతా పరుచుకోవడం మాని సూటిగా ముందుకే పోతుంది. విజ్జర్ చిన్నది కాబట్టి అది ఇంకొంత పై వరకు పక్కలకు పంచుతుంది, తర్వాత దాని పరిస్థితీ అంతే. ఒకే స్పీకర్‌ను ఒకరు "గుచ్చుతోంది" అని, పక్క కుర్చీలో ఉన్నవాళ్లు "మూసుకుపోయినట్టుంది" అని అనేది ఇందుకే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అన్నిటికంటే ముందు గది సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. మాది కడప. హాల్లో కిందంతా పాలిష్ పట్టిన నల్లటి కడప బండలు, చుట్టూ సున్నం గోడలు, ఒక మూల ఇనుప బీరువా. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొడితే గోడల మధ్య "టింగ్" అని తిరుగుతుంది. ఇలాంటి గదిలో ఏ స్పీకర్ పెట్టినా ట్రెబుల్ కరుగ్గానే వినిపిస్తుంది. తప్పు స్పీకర్‌దా బండలదా అన్నది తేలాలి. దానికి నాకు దొరికిన దారి మిద్దె. రాత్రి భోజనాలయ్యాక, వీధిలో ఆటోల చప్పుడు సద్దుమణిగాక, పెట్టెలను మిద్దె మీదికి మోసుకెళ్లి రెండు స్టూళ్ల మీద పెట్టి విన్నాను. అక్కడ గోడల్లేవు, కప్పు లేదు, ఫ్యాన్ రొద కూడా లేదు. ఎండాకాలంలో కడప ఇళ్లలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం గానీ, ఫ్యాన్ తిరుగుతుంటే ట్రెబుల్ చివర సన్నగా ఉండే శబ్దాలన్నీ ఆ గాలి రొదలో కలిసిపోతాయి.

మిద్దె మీద ఆ కరుకుదనం చాలా మటుకు తగ్గింది, అయితే పూర్తిగా పోలేదు. పోయినంత మేరా గదిది, మిగిలినంత స్పీకర్‌ది. గది వంతుకు మందు తేలిక. నాకూ స్పీకర్లకూ మధ్య బండల మీద మందపాటి బొంత పరిచి, వెనక గోడకు దుప్పటి మడతలుగా వేలాడదీశాను. బేస్‌ను ఆపడానికి ఇవి చాలవు గానీ ట్రెబుల్‌ను బాగానే పీల్చుకుంటాయి. చప్పట కొడితే ఆ "టింగ్" వినపడటం మానేసింది. అప్పుడు గానీ స్పీకర్ మీద తీర్పు చెప్పే అర్హత నాకు రాలేదనుకుంటాను.

కోణం చూడటానికి ఒక పాత ఎఫ్ఎం రేడియో వాడాను. స్టేషన్ లేని చోట పెడితే అందులో సన్నటి నుంచి లావు దాకా అన్ని శబ్దాలూ కలిసిన హోరు వస్తుంది. దాన్ని ఒకే స్పీకర్‌లోంచి వినిపిస్తూ, నేల మీద పెట్టె ముందు నుంచి ఒక మీటరు తాడు లాగి, నల్ల బండల మీద సుద్దముక్కతో వంపు గీత గీసి, సూటిగా ఒకటి, 15 డిగ్రీల దగ్గర ఒకటి, 30, 45 దగ్గర గుర్తులు పెట్టాను. చెవిని కోను ఎత్తుకు వంచి ఆ గీత వెంట మెల్లగా నడిచాను. సూటిగా ఉన్నప్పుడు హోరు "స్‌స్" అని పదునుగా ఉంది. 15 దగ్గర అదే "స్‌స్" కాస్త మెత్తబడింది. 30 దాటాక "ష్‌ష్" అయింది. 45 దగ్గర "హ్‌హ్" తప్ప మరేమీ మిగల్లేదు. పైస్థాయి తగ్గే కొద్దీ హోరు స నుంచి ష లోకి, ష నుంచి హ లోకి జారుతుంది. ఏ మీటరూ లేనివాళ్లు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు, నా లెక్కలో ఇంతకంటే నమ్మకమైనది లేదు. మెల్లగా, సమంగా జారితే డ్రైవర్ మంచిది. ఏదో ఒక చోట ఉన్నట్టుండి గొంతు మారితే విజ్జర్, పెద్ద కోను ఒకదానితో ఒకటి సరిగా కలవడం లేదని.

తర్వాత వినడానికి ఏ శబ్దాలు ఎంచుకోవాలి అన్నది. సినిమా పాటతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. స్టూడియోలో ఆ తాళం అసలు ఎలా మోగిందో మనకు తెలియదు కదా. తెలిసిన శబ్దం కావాలి. చిన్న రికార్డర్‌తో మా ఆవిడ గొంతు రికార్డు చేశాను: "శ్రీశైలం బస్సు స్టేషన్ రోడ్డులో వస్తాంది సూడు." శ, స, ష మూడూ అందులో ఉన్నాయి. తనను స్పీకర్ పక్కనే నిలబెట్టి, ఒకసారి తను చెప్పడం, ఒకసారి స్పీకర్ చెప్పడం. గొంతు తనదే అనిపించింది కానీ "బస్సు"లో స్స దగ్గర కొంచెం ఈల, "స్టేషన్"లో ష ముందుకు పొడుచుకొచ్చినట్టు. ఈ ఊష్మాల శక్తి చాలావరకు 3 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ష కాస్త కింద, స కాస్త పైన. ష పొడుస్తోందంటే తేడా 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉందన్నమాట. మన చెవి అత్యంత చురుగ్గా ఉండేదీ అక్కడే, 3 నుంచి 4 మధ్య.

రెండోది చెక్కభజన. మా అత్తగారి ఊళ్లో జాతరకు వెళ్లినప్పుడు చాలా దగ్గరి నుంచి రికార్డు చేసుకొచ్చాను. చెక్కకు చెక్క తగిలే దెబ్బ ఒకటి, వాటికి బిగించిన బిళ్లలు గలగలమనడం ఒకటి. ఎదురుగా నిలబడి వింటే ఆ రెండూ విడివిడిగా తెలుస్తాయి: ముందు దెబ్బ, ఆ వెంటనే లోహం మోత, అది మెల్లగా ఆరిపోవడం. పదిమంది ఒకేసారి కొట్టినా ఒక్కొక్కరి చెక్క ఒక్కో క్షణంలో పడుతుంది. నా స్పీకర్లలో దెబ్బ బ్రహ్మాండంగా వచ్చింది, ఆ మోత మాత్రం దెబ్బలో కలిసిపోయి ఒక్క "ఛక్"గా వినిపించింది. పెద్ద దర్గా ఉరుసులో రికార్డు చేసుకున్న ఖవ్వాలీ చప్పట్లు కూడా ఇదే చెప్పాయి.

ఇక్కడ నా చెవుల సంగతీ చూసుకోవాలి. వయసు పెరిగే కొద్దీ పైస్థాయి వినికిడి తగ్గుతుంది, అది ఎవరికీ తప్పదు. సన్నటి ఈలను కింది నుంచి పైకి పెంచుకుంటూ పోతే నాకు 13 కిలోహెర్ట్జ్ దగ్గర నిశ్శబ్దం అయిపోయింది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి 17 దాకా వినిపించింది. కాబట్టి ఆ పైన ఉన్నదానికి తీర్పరి తనే. చెక్కభజన వినిపిస్తే, "నాన్నా, బిళ్లల చప్పుడు కాగితం నలిపినట్టుంది" అంది. ఆ మాట నేను రాసి పెట్టుకున్నాను, తర్వాత పనికొచ్చింది.

పాటల దగ్గరికొస్తే రెండు జాగ్రత్తలు. 128 కేబీపీఎస్ ఎంపీ3 సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర పైభాగాన్ని కోసేస్తుంది, తాళాల మోత కూడా అందులో చెదిరిపోయి ఉంటుంది. ఆ ఫైలు పెట్టి స్పీకర్‌ను తిట్టడం అన్యాయం. ఘంటసాల కాలం నాటి రికార్డింగుల్లో పైస్థాయి ఎలాగూ తక్కువే. గొంతు నిండుదనం చూడటానికి అవి బంగారం, ట్రెబుల్ చివర చూడటానికి పనికిరావు. ఇంకొకటి, రెండు అమరికలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది. నేను ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టుకుని, వాల్యూమ్ నాబ్ మీద గుర్తులు పెట్టుకున్నాను.

చాలామంది "వంద గంటలు వాడు, ట్రెబుల్ తనంతట తనే మెత్తబడుతుంది" అంటారు. ఇది తేల్చడానికి ఒక డ్రైవర్‌ను మాత్రమే వారాల తరబడి రోజూ మోగించి, రెండోదాన్ని అట్టపెట్టెలోనే ఉంచాను. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి అదే చెక్కభజన, అదే బస్సు వాక్యం. బేస్ కాస్త వదులైందేమో గానీ ట్రెబుల్‌లో నాకూ, అమ్మాయికీ తేడా దొరకలేదు. మెత్తబడేది మన చెవి అలవాటని నేను నమ్ముతున్నాను.

పెళ్లి పందిళ్లకు సౌండ్ సిస్టం పెట్టే స్నేహితుడి దగ్గర కొలతల మైకు ఉంది. ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ మిద్దె మీదే కొలిచాం. చెవి చెప్పిందే గ్రాఫ్ గీత కూడా చెప్పింది: 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య 4, 5 డెసిబెల్స్ ఎత్తున మూపురం, 12 దాటాక జారుడు. ఏడు రోడ్ల దగ్గర పాత రేడియోలు బాగుచేసే భాయ్‌కి చూపిస్తే, "ట్వీటర్ ఒకటి ఏసేయ్ సార్, కెపాసిటర్ పెడితే సరిపోతాది" అన్నాడు. అనుభవం ఉన్న మనిషి, ఊరికే అనలేదు. కానీ నాకు అనుమానం వేరే ఉంది. పైన తక్కువైనందుకా, దాని కింద ఎక్కువైనందుకా బిళ్లలు వినపడనిది?

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి 0.3 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 6 ఓమ్స్ రెసిస్టర్ తెప్పించాను. మూడింటినీ సమాంతరంగా (పారలల్‌గా) కలిపి, ఆ కట్టను ప్లస్ వైరులో వరసగా (సిరీస్‌గా) పెట్టాలి. 4.2 కిలోహెర్ట్జ్ చుట్టూ సుమారు 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అటూ ఇటూ వెడల్పుగా. ఈ ఫిల్టర్‌ను దాటించి వినడానికి ఒక స్విచ్ కూడా పెట్టాను. అమ్మాయి నా వెనక కూర్చుని చెప్పకుండా స్విచ్ వేస్తుంది, నేను వింటూ కాగితం మీద రాసుకుంటాను. తర్వాత తనకు నేను వేశాను. ఇద్దరి రాతల్లోనూ ఫిల్టర్ ఉన్నప్పుడే బిళ్లల మోత తెలిసింది. పైస్థాయికి నేనేమీ కలపలేదు, కింది మూపురం తగ్గించానంతే. కాగితం నలిగిన చప్పుడు అన్నది ఆ మూపురం పనే. ష పొడవడం పోయింది, "బస్సు" బస్సులాగే వినిపించింది.

పెట్టెలను గోడకు ఒక అడుగు దూరానికి జరపడం కూడా సాయపడింది. 20 సెంటీమీటర్ల పలక ఉన్న పెట్టెలో దాదాపు 575 హెర్ట్జ్ కంటే కింది శబ్దం పలకను చుట్టి వెనక్కి కూడా పోతుంది. దాంతో ముందున్న మనకు కింది స్థాయి పలుచబడి ట్రెబుల్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది. గోడ దగ్గరుంటే ఆ కొరత కొంత తీరుతుంది.

ఇప్పుడు స్పీకర్లు నా ముఖం వైపు సూటిగా కాకుండా 15 డిగ్రీలు తప్పించి ఉన్నాయి. సుద్ద గీత మీద ఆ చోటే నచ్చింది. మూల మంచం మీద కూర్చునే మా ఆవిడకు మాత్రం శబ్దం మూసుకున్నట్టే ఉంటుంది, దానికి ఈ డ్రైవర్‌తో నేను చేయగలిగింది లేదు. రాత్రి రెండు గంటలు వరసగా విన్నా నా చెయ్యి వాల్యూమ్ తగ్గించడానికి పోవడం లేదు. అమ్మాయికి 12 పైన జారుడు ఇంకా తెలుస్తూనే ఉంది. తన గదికి 3 అంగుళాల డ్రైవర్లతో ఇంకో జత కడుతున్నాను. కోను చిన్నది కాబట్టి శబ్దం పక్కలకు ఇంకొంచెం పై వరకు పరుచుకోవాలి, బేస్ ఇంకా తగ్గుతుంది, దానికి తను ఒప్పుకుంది. ప్లైవుడ్ కోతకు ఇచ్చాను.