తేల్చుకోలేని కొనుగోలుదారు, టైమ్‌షేర్ బ్రోకర్: నా అనుభవం

టైమ్‌షేర్, అంటే ఒక రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు, మామూలుగా ఒక వారం, ఉండే హక్కు, కొనాలా వద్దా అని మా ఇంట్లో చాలాకాలం నలిగింది. చివరికి కొన్నాం, అది కూడా రిసార్ట్ కంపెనీ దగ్గర కాదు, రీసేల్‌లో, అంటే ఇంతకుముందే కొనుక్కుని ఇప్పుడు వదిలించుకోవాలనుకుంటున్న ఒకరి దగ్గర, బ్రోకర్ ద్వారా. కొన్ని కంపెనీలు వారాలకి బదులు ఇచ్చే పాయింట్లు ఎలా లెక్కపెట్టాలి, ఏ సీజన్ మంచిది లాంటివి తెలుసుకోవడానికి బోలెడు మార్గాలున్నాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోను. మనసు ఇంకా కుదరని మనిషి బ్రోకర్‌తో ఎలా మాట్లాడాలి, బ్రోకర్ ఆ మనిషితో ఎలా ఉండాలి అన్నదే నేను రాయాలనుకున్నది, ఎందుకంటే మా వ్యవహారం సాఫీగా జరిగిందంటే సగం కారణం అదే.

మేము మొదట వెళ్లింది కంపెనీ వాళ్ల ప్రెజెంటేషన్‌కే. 90 నిమిషాలన్నారు, అంతకంటే చాలాసేపు కూర్చోబెట్టారు, ఒకరు లేస్తే ఇంకొకరు వచ్చి కూర్చుని ప్రతిసారీ కాస్త తగ్గించి, "ఈ రేటు ఈ రోజుకే సర్, రేపొస్తే ఉండదు" అన్నారు. మేము ఆలోచించుకుంటామంటే అదేదో తప్పు మాట అన్నట్టు చూశారు. నాకు అది చాలా బాధ కలిగించింది. ఏళ్ల తరబడి ఫీజు కట్టాల్సిన ఒప్పందం గురించి ఒక రాత్రి నిద్రపోయి ఆలోచించుకుంటాననడంలో తప్పేముంది? చట్టాలే ఆ అవకాశం ఇస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2008లో తెచ్చిన నిబంధన ప్రకారం టైమ్‌షేర్ ఒప్పందంపై సంతకం చేశాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు, ఫ్లోరిడాలో కంపెనీ దగ్గర కొన్నవాళ్లకి 10 రోజులు. ఈ వ్యాపారంలో తటపటాయించడం మామూలు విషయమని చట్టం రాసినవాళ్లకి కూడా తెలుసన్నమాట. ఆ రోజు నేను "ఈ రోజు ఏమీ సంతకం చేయను, మీరు బాగా వివరించారు, థ్యాంక్స్" అని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ తర్వాతే రీసేల్ బ్రోకర్ల వైపు వెళ్లాం. ఇక్కడ ఒక విషయం ముందు అర్థం చేసుకోవాలి. బ్రోకర్‌కి డబ్బు వచ్చేది క్లోజింగ్ రోజునే, అంటే అమ్మకం పూర్తయిన రోజునే, అది కూడా సాధారణంగా అమ్మేవాళ్ల డబ్బులోంచి కమిషన్‌గా. అంటే మనతో మాట్లాడే ఫోన్లు, మన కోసం తెప్పించే కాగితాలు, మనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, ఇదంతా జీతం లేని పనే, మనం కొనేదాకా. (అమ్మేవాళ్ల దగ్గర ముందే ఫీజు గుంజి ఆ తర్వాత పత్తా లేకుండా పోయేవాళ్లూ ఉన్నారు, వాళ్లని బ్రోకర్లు అనను.) ఇది తెలిశాక ఒక బ్రోకర్‌కి నేను మొదటి మెసేజ్‌లోనే ఇలా రాశాను: "నమస్కారమండీ. మేము ఇంకా కొనాలా వద్దా అన్నది తేల్చుకోలేదు. రెండు మూడు నెలల్లో తేలుతుందని అనుకుంటున్నాం. మీకు అభ్యంతరం లేకపోతే కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఖాయంగా కొనేవాళ్లు ఉంటే ముందు వాళ్ల పని చూసుకోండి." ఆయన జవాబు క్లుప్తంగా ఉంది: "చెప్పినందుకు సంతోషం సర్. అడగండి. నేను తరచూ ఫోన్ చేయను, ఏమైనా కొత్తది వస్తే మాత్రం ఒక మెయిల్ పెడతాను." చివరిదాకా ఆ మాట మీదే ఉన్నారు.

మా సందేహాలు చిన్నవేం కాదు. మెయింటెనెన్స్ ఫీజు మనం వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, అది సాధారణంగా ఏటా పెరుగుతూ పోతుంది, భవనానికి పెద్ద మరమ్మతు వస్తే విడిగా ఇంకో వసూలు ఉండొచ్చు. ఏటా అదే వారం ఖాయంగా ఇచ్చేది తీసుకోవాలా, లేక వారం మారుతూ ఉండేదా అన్నది ఇంకో తలనొప్పి, ఎందుకంటే పిల్లల సెలవులు ఒకలా ఉంటే మా ఆవిడకి ఆఫీసులో సెలవు దొరికేది ఇంకోలా. ఒప్పందానికి ముగింపు తేదీ ఉందా, లేక జీవితాంతం మోసి తర్వాత పిల్లల నెత్తిన పడేదా అని కూడా అడిగాను. ఆర్‌సీఐ లాంటి ఎక్స్‌చేంజ్ కంపెనీల ద్వారా (అది 1974 నుంచే ఉంది) మన వారం ఇచ్చి ఇంకోచోట ఉండొచ్చంటారు కదా, దానికి సభ్యత్వం, మార్పిడి ఫీజు విడిగా ఉంటాయని, కంపెనీ దగ్గర నేరుగా కొన్నవాళ్లకి ఇచ్చే కొన్ని సదుపాయాలు రీసేల్‌లో కొన్నవాళ్లకి చాలాచోట్ల రావని ఆయనే ముందుగా చెప్పారు. అది చెబితే నేను వెనక్కి తగ్గుతానని ఆయనకి తెలుసు, అయినా చెప్పారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

నేను పాటించిన పద్ధతి ఏమిటంటే, ప్రశ్నలన్నీ పోగుచేసుకుని ఒకేసారి అడగడం, మా ఆవిడతో మాట్లాడకుండా "సరే" అనకపోవడం, "చూస్తాం" అనే మాటని "వద్దు"కి బదులు వాడకపోవడం. ఈ మూడోది మనవాళ్లకి కష్టం. మొహం మీద వద్దు అనలేక ఫోన్ ఎత్తడం మానేస్తాం, అవతలివాళ్లే అర్థం చేసుకుంటారులే అనుకుంటాం. కానీ ఆ మౌనం వెనక ఇంకో మనిషి ఉంటాడు, అమ్మేవాడు. ఆయనకి వచ్చే ఏడాది మెయింటెనెన్స్ బిల్లు దగ్గర పడుతూ ఉంటుంది, మనం అవునో కాదో చెబితే బ్రోకర్ ఇంకొకరిని చూస్తాడు. అమ్మకానికి పెట్టిన ఒక వారం మాకు దాదాపు నచ్చి, చివరికి వారం కుదరక వద్దనుకున్నప్పుడు అదే రోజు రాశాను: "ఇది మాకు వద్దండీ. రేటు సమస్య కాదు, ఆ వారం మాకు పనికిరాదు. మా కోసం ఆపకండి." కారణం చెప్పడం వల్ల ఆయనకి మేము ఏం వెతుకుతున్నామో ఇంకా స్పష్టమైంది, ఆ తర్వాత పంపినవన్నీ పనికొచ్చేవే.

అదే సమయంలో ఇంకో బ్రోకర్ కూడా తగిలారు. పొద్దున్నే ఫోన్, మధ్యాహ్నం మెసేజ్, "వేరేవాళ్లు రెడీగా ఉన్నారు సర్, సాయంత్రంలోపు చెప్పకపోతే పోతుంది" అని. నిజంగానే వేరేవాళ్లు ఉండొచ్చు, నేను అబద్ధమనను. "ఉంటే వాళ్లకే ఇచ్చేయండి, నాకు కోపం రాదు, ఫోన్లు మాత్రం వద్దు, మెయిల్ చేయండి" అని చెప్పాను. ఫోన్లు ఆగలేదు. అప్పుడు "మీ ద్వారా కొనను, నా నంబర్ తీసేయండి" అని రాసి, ఆపేశాను. మర్యాద అంటే ఎదుటివాళ్లు ఎంత నొక్కినా భరించడం కాదు.

మర్యాదగా ఉండటానికి, అన్నీ చెప్పేయడానికి తేడా ఉందని కూడా అనాలి. చాలా రీసేల్ వ్యవహారాల్లో బ్రోకర్ అమ్మేవాళ్ల మనిషి, కమిషన్ వచ్చేదీ అటునుంచే. అందుకే మేము ఎంతదాకా పెట్టగలమో మా మొదటి బ్రోకర్‌కి చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఒకే వారాన్ని ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు లిస్ట్ చేస్తుంటారు కాబట్టి, ఒకరు చూపించిన దానికి ఇంకొకరి ద్వారా ఆఫర్ పెట్టకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాం. కొనే ఉద్దేశం లేకుండా రేటు ఎంతకి దిగుతుందో చూద్దామని ఆఫర్ పెట్టడం కూడా అంతే. అక్కడ అమ్మే కుటుంబం ఒక రాత్రంతా దాని గురించి కూర్చుని మాట్లాడుకుని ఉంటుంది.

ఇంత జరిగినా మేము తేల్చుకోలేకపోతుంటే ఆయనే అన్నారు: "ముందు ఒక ఓనర్ దగ్గర ఒక వారం అద్దెకి తీసుకుని ఉండి రండి సర్. నచ్చకపోతే అంతటితో పోతుంది." అలా అద్దెకి వెళితే ఆయనకి అమ్మకం కమిషన్ ఏమీ రాదు. వెళ్లాం, మా ఆవిడకి చోటు నచ్చింది, కాకపోతే మేము అనుకున్న సైజు గది చాలదని అక్కడ ఉంటేనే తెలిసింది. తిరిగొచ్చాక రెండు గదులది చూడమని అడిగాం.

ఆఫర్ పెట్టాక పని వేగంగా నడుస్తుందని అనుకోవద్దు. డబ్బు ఎస్క్రోలో పెట్టాం, అంటే అటు అమ్మేవాళ్ల చేతికి కాకుండా మధ్యవర్తి ఖాతాలో. మేము కొన్న రిసార్ట్‌లో అదే రేటుకి తామే తీసుకునే మొదటి హక్కు కంపెనీకి ఉంది, వాళ్లు వద్దంటేనే మాకు వస్తుంది. మొదటిసారి కంపెనీయే తీసేసుకుంది. మా వెతుకులాట మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు ఫోన్ చేసి, "మా కోసం మీరు మళ్లీ వెతకాల్సి వస్తోంది, ఇంకోటి వస్తే మీ ద్వారానే చూస్తాం" అని చెప్పాను, అది ఊరడింపు మాట కాదు. రెండోసారి కంపెనీ వద్దంది. అమ్మేవాళ్లకి బకాయిలేమీ లేవని కంపెనీ నుంచి కాగితం వచ్చింది, ఈ ఏడాది వారం వాళ్లు వాడేశారా లేదా అన్నది కూడా అందులోనే చూసుకుని, సంతకాలు చేశాం. ఆ తర్వాత కంపెనీ రికార్డుల్లో పేరు మారడానికి కొన్ని వారాలు పట్టింది. పేరు మారిన రోజు ఆయనే మెయిల్ పెట్టి, "మొదటి మెయింటెనెన్స్ బిల్లు ఎవరి పేరున వచ్చిందో ఒకసారి చూసుకోండి సర్, పాత ఓనర్ పేరున వస్తే నాకు చెప్పండి" అన్నారు. పాత పేరు మీదే వచ్చింది, చెప్పాను, సరిచేయించారు.